నూనె రంగు, నీళ్ళ రంగు

బోధన్ దగ్గర ఒక ఊరు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు పారే ఊరు. ఊరికి ఒక దిక్కు చెరుకు, ఇంకో దిక్కు వరి. ఆ ఊళ్ళో ఒక అత్తా కోడళ్ళు ఉన్నారు. ఇద్దరూ బీడీలు చేస్తారు. మామ ఒకప్పుడు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరుకు తోలేవాడు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు పైసలతోనే మామ ఇల్లు కట్టాడు. ముందరి అర్రలో గోడలకు కింది నుంచి నాలుగు అడుగుల ఎత్తు వరకు ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేయించాడు. దాని పైన సున్నం.

ఆ ఆకుపచ్చ రంగు ఇరవై ఏండ్లు ఉన్నది. పోయిన దసరాకు కోడలు దాన్ని మార్చాలనుకుంది. రెండు నెలల బీడీల పైసలు కూడబెట్టింది. దుకాణంలో డిస్టెంపర్ డబ్బా కొన్నది. లేత గులాబీ రంగు. మొగుడూ పెళ్ళాం కలిసి రెండు రోజులు కష్టపడి వేశారు. బతుకమ్మ నాటికి అర్ర మెరిసింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

సంక్రాంతి వచ్చేసరికి గోడ రూపం మారింది. పైన సున్నం ఉన్న చోట రంగు పొడి పొడిగా రాలుతున్నది. కింద ఆకుపచ్చ రంగు ఉన్న చోట పొరలు పొరలుగా లేస్తున్నది. ఉల్లిగడ్డ పొట్టు లేచినట్టే. గోడకు ఆనుకొని కూర్చుంటే చీరకు గులాబీ పెచ్చులు అంటుతున్నయి. బీడీల చాటలో పడుతున్నయి. రెండేండ్ల మనుమడు ఆ పెచ్చులు గిల్లి నోట్లో పెట్టుకుంటున్నాడు.

"దుకాణపోడు మోసం చేసిండు. పాత డబ్బా అంటగట్టిండు" అన్నది కోడలు.

"రంగుది తప్పు కాదు బిడ్డా. మనింటి గోడకే దిష్టి తాకింది" అన్నది అత్త.

అత్త చెప్పిందీ కాదు, కోడలు చెప్పిందీ కాదు. రంగు మంచిదే. గోడ కూడా మంచిదే. ఆ రెండూ కలిసే రకాలు కావు.

ఆ వాడలోనే ఒక అక్క ఉన్నది. నిజామాబాద్‌లో కట్టే ఇండ్లకు రంగుల పనికి పోతుంది. మొదట ఇసుక కాగితం రుద్దే కూలికి పోయేది. ఇప్పుడు కుంచె పట్టి తలుపులకు రంగు వేస్తుంది. మొగ మేస్త్రితో సమానంగా పని చేస్తుంది. కూలి మాత్రం ఇంకా సమానం కాలేదు. కోడలు పోయి ఆమెను పిలుచుకొచ్చింది.

అక్క గోడ దగ్గర కూర్చున్నది. గోటితో ఒక పెచ్చు లేపింది. వెనక్కి తిప్పి చూసింది.

"చూడు చెల్లె. పెచ్చు ఎనుక ఆకుపచ్చ మరక ఏమన్న ఉన్నదా?"

"లేదక్కా. నున్నగ ఉన్నది."

"అంటే ఏంది? నీ రంగు గోడను పట్టుకోనే లేదు. దాని మీద ఊకె కూసున్నది. ఎండినంక గుంజుకపోయి లేచొచ్చింది."

రెండు రకాలు

దుకాణంలో ఎన్నో డబ్బాలు ఉంటాయి. పేర్లు చాలా. కాని ఇంటికి వేసే రంగులు ముఖ్యంగా రెండే రకాలు. ఒకటి నీళ్ళతో పలచన చేసేది. ఇంకొకటి టర్పెంటైన్ నూనెతో పలచన చేసేది. సున్నం, డిస్టెంపర్, ఎమల్షన్, గోడలకు వేసే సిమెంటు ప్రైమర్, ఇవన్నీ నీళ్ళ రకం. ఎనామిల్, ఇనుముకు వేసే రెడ్ ఆక్సైడ్, కట్టెకు వేసే ఆయిల్ ప్రైమర్, వార్నిష్, ఇవి నూనె రకం. ఇప్పుడు నీళ్ళతో కలిపే ఎనామిల్ కూడా వస్తున్నది. అందుకే పేరు చూసి కొనొద్దు. డబ్బా మీద "దేనితో పలచన చేయాలి" అని ఉండే వరుస చదవాలి. రాసి ఉన్నది ఇంగ్లీషులో అయితే దుకాణదారునితో చదివించుకోవాలి.

నీళ్ళ రంగు ఎట్లా ఆరుతుంది? దాంట్లో నీళ్ళు ఉంటాయి. నీళ్ళలో రంగు పొడి, జిగురు సన్నని చుక్కలుగా తేలుతుంటాయి. గోడకు పూసినంక నీళ్ళు గాలిలోకి పోతాయి. చుక్కలన్నీ దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి. పొర తయారవుతుంది. గంటలోపే చేతికి అంటకుండా ఆరుతుంది.

నూనె రంగు సంగతి వేరు. పూసిన తర్వాత ముందు టర్పెంటైన్ ఎగిరిపోతుంది. ముక్కుకు ఘాటు తగిలేది అదే. కాని నూనె ఎగిరిపోదు. అది గాలిలో ఉండే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. పీల్చుకొని గట్టిపడుతుంది. వంటింట్లో నూనె సీసా మూత దగ్గర చూడండి. కారిన నూనె కొన్నాళ్ళకు బంక అవుతుంది. కడిగినా పోదు. పొయ్యి వెనక గోడకూ అదే బంక. నూనె గాలిని పీల్చితే అట్లా అవుతుంది. వెనకటి రంగుల్లో అవిసె నూనె వేసేవారు. అవిసె నూనె చాలా నూనెల కంటే తొందరగా గట్టిపడుతుంది. అందుకే వంటకంటే రంగులకు ఎక్కువ వాడారు. ఇప్పటి ఎనామిల్‌లో నూనెతో చేసిన జిగురు ఉంటుంది. అదీ గాలి పీల్చే గట్టిపడుతుంది. దీనికి ఒక రోజు పడుతుంది. వానాకాలంలో ఇంకా ఎక్కువ.

డబ్బాలో కలపొచ్చా?

కోడలు ఇంకో మాట అడిగింది. "అక్కా, డిస్టెంపర్ కొంచెం మిగిలింది. తలుపు రంగు కూడ కొంచెం ఉన్నది. రెండు కలిపి ఏద్దామా?"

అక్క నవ్వింది. ఒక కొబ్బరి చిప్పలో రెండూ చెంచాడు చెంచాడు పోసింది. పుల్లతో కలిపింది. కాసేపటికి పాలు విరిగినట్టు గడ్డలు కట్టింది. ఎంత కలిపినా ఒకటి కాలేదు.

నూనె, నీళ్ళు కలవవని అందరికీ తెలుసు. కాని పాలను చూడండి. పాలలో వెన్న ఉన్నది. వెన్న అంటే నూనె లాంటిదే. నీళ్ళూ ఉన్నాయి. రెండూ కలిసే ఉంటాయి. ఎందుకు? వెన్న సన్నని చుక్కలుగా విడిపోయి ఉంటుంది. చుక్క చుక్కకూ చుట్టూ ఒక పలచని పొర ఉంటుంది. ఆ పొర చుక్కలను ఒకదానితో ఒకటి కలవనివ్వదు. ఆ పొర చెడితే వెన్న చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి వేరుపడతాయి. దుకాణంలో "ఆయిల్ బౌండ్ డిస్టెంపర్" అని ఒక రకం దొరుకుతుంది. పేరులో ఆయిల్ ఉన్నది. కాని దాన్ని నీళ్ళతోనే కలుపుతారు. పాలలో వెన్న ఉన్నట్టు దాంట్లో నూనెను చుక్కలుగా చేసి పెడతారు. అది కంపెనీలో యంత్రాలతో, మందులతో చేసే పని. ఇంట్లో పుల్లతో తిప్పితే కాదు.

మిగిలిన రంగును వేరే రంగుగా మార్చాలంటే దారి ఉన్నది. స్టెయినర్ అని చిన్న సీసాలు అమ్ముతారు. రెండు రకాలకూ పనికి వస్తుందని సీసా మీద ఉంటే అది దేంట్లోనైనా నాలుగు చుక్కలు వేసుకోవచ్చు. ఎక్కువ పోస్తే రంగు ఆరదు.

ఒకదాని మీద ఇంకొకటి

డబ్బాలో కలవకపోయినా గోడ మీద మాత్రం ఈ రెండు రకాలూ ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. దానికి పద్ధతి ఉన్నది.

గోదావరి దాటి పోతే నిర్మల్ వస్తుంది. నిర్మల్ కొయ్యబొమ్మలు అందరూ చూసినవే. జామపండు, సీతాఫలం, జింక, ఎంత చక్కగా ఉంటాయో. వాటిని పొనికి కర్రతో చేస్తారు. పొనికి తేలికైన మెత్తని కర్ర. ముక్కలను అతికించేందుకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలుపుతారు. సందులు, గుంటలు దాంతోనే పూడుస్తారు. అది వాళ్ళ లప్పం. ఆ తర్వాత తెల్లమట్టి పూత పూస్తారు. ఇదంతా నీళ్ళ పని. అది బాగా ఆరినంక పైన నూనె రంగు వేస్తారు. మెరుపు వస్తుంది. అడుగున నీళ్ళ పూత, పైన నూనె పూత. ఎన్నో తరాలుగా అట్లనే చేస్తున్నారు. బొమ్మలు పెచ్చులు ఊడటం లేదు.

ఎందుకు ఊడటం లేదు? తెల్లమట్టి పూత ఆరితే గరుకుగా ఉంటుంది. దాంట్లో కంటికి కనపడని సన్న రంధ్రాలు ఉంటాయి. నూనె రంగు ఆ రంధ్రాల్లోకి దిగుతుంది. చెట్టు వేళ్ళు దిగినట్టు దిగి పట్టుకుంటుంది. తడి ఉన్నప్పుడే వేస్తే మాత్రం లోపలి నీళ్ళు బయటికి రావాలని చూస్తాయి. పైన నూనె పొర అడ్డం. అప్పుడు బొబ్బలు లేస్తాయి.

ఇప్పుడు దీన్నే తిరగేయండి. అడుగున మెరిసే నూనె రంగు. పైన నీళ్ళ రంగు. చామాకు మీద నీళ్ళు పోసినట్టు అవుతుంది. నీళ్ళు జారిపోతాయి తప్ప పట్టవు. కోడలు చేసింది ఇదే. చిక్కని డిస్టెంపర్ కాబట్టి జారిపోకుండా నిలిచింది. ఆరిపోయింది. బాగానే ఉన్నట్టు కనిపించింది. కాని దానికి కింద పట్టు లేదు.

అట్లని నూనె రంగు మీద నీళ్ళ రంగు వేయనే కూడదని కాదు. నడుమ పని చేయాలి. ముందు సబ్బు నీళ్ళతో కడగాలి. చేతుల జిడ్డు, పొయ్యి పొగ, తలనూనె మరకలు పోవాలి. మంచాలు వేసే చోట గోడకు తలనూనె మరక తప్పకుండా ఉంటుంది. తర్వాత గరుకు కాగితంతో రుద్దాలి. మెరుపు పోయి పలక బలపం గీతల్లాగా తెల్లగా కావాలి. తుడిచి ప్రైమర్ వేయాలి. ప్రైమర్ అంటే అడుగు పూత. కింది దాన్ని పట్టుకుంటుంది. పైదానికి పట్టు ఇస్తుంది. నూనె రకం ప్రైమర్ ఆరినంక మెరవదు. గరుకుగానే ఉంటుంది. అందుకే దాని మీద నీళ్ళ రంగు వేసినా నిలుస్తుంది. కాని ఒక రోజంతా ఆరనివ్వాలి. చలికాలం, ముసురు ఉంటే రెండు రోజులు.

పాత రంగు ఏ రకమో తెలియకపోతే ఎట్లా? మందుల దుకాణంలో స్పిరిట్ దొరుకుతుంది. సూది వేసే ముందు దూదితో రాస్తారు చూడండి, అదే. చెరుకు మిల్లులో చక్కెర తీసినంక మిగిలే మడ్డితో చేసేది కూడా ఆ జాతి స్పిరిటే. తెల్లని గుడ్డకు స్పిరిట్ అద్ది గోడను గట్టిగా రుద్దాలి. గుడ్డకు రంగు అంటితే అది నీళ్ళ రంగు. ఏమీ అంటకపోతే నూనె రంగు. పని మొత్తం చేసినంక పట్టు చూడాలంటే ఇంకో ఉపాయం ఉన్నది. ఒక మూల బ్లేడుతో అడ్డం నిలువు గీతలు గీయాలి. దాని మీద అంటుకునే టేపు గట్టిగా అతికించి ఒక్కసారి లాగాలి. టేపుకు రంగు వచ్చిందంటే పట్టు లేదు. అర్రంతా వేయక ముందు చేతెడు చోట వేసి, నాలుగు రోజులు ఆగి, ఈ పరీక్ష చేసుకుంటే నష్టం చేతెడే.

కోడలు ఈ మాట విని ఊరుకోలేదు. "అక్కా, దసరాకు ముందే నిన్ను అడిగి ఉంటే నా రెండు నెలల కట్టం మిగిలేది గదా" అన్నది.

"నేనెక్కడున్న చెల్లె? దసరా ముందర నాకు పట్నంల పని. పండుగ నాడు గూడ రాత్రి బస్సుకు వచ్చిన" అన్నది అక్క.

సున్నం గోడ, సిమెంటు గోడ

అత్త పైగోడ చూపించింది. "గక్కడ ఆయిల్ లేదు గదా బిడ్డా. గదెందుకు రాలుతున్నది?"

అక్క అరచేతితో సున్నం గోడను రాసింది. చెయ్యి తెల్లగా అయింది. అదే జవాబు. సున్నం మంచిదే. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. కాని ఏటేటా ఒక పూత మీద ఒక పూత పడి పొర మందమవుతుంది. పై పొర పిండిలా రాలుతుంది. ఆ పిండి మీద ఏ రంగు వేసినా పిండితో కలిసి రాలుతుంది. ఇనుప పట్టీతో గీకి, తడి గుడ్డతో తుడిచి, ప్రైమర్ వేసి, ఆపైన డిస్టెంపర్ వేయాలి. అంత పని ఎందుకు అనుకుంటే మళ్ళీ సున్నమే వేసుకోవచ్చు. సున్నం మీద సున్నం ఎప్పుడూ పడుతుంది. ఖర్చూ తక్కువ. అత్తకు ఈ మాట బాగా నచ్చింది.

కొత్త సిమెంటు గోడకు ఇంకో చిక్కు ఉన్నది. సిమెంటులో, సున్నంలో కారం లాంటి ఒక గుణం ఉంటుంది. పచ్చి సున్నం చేతికి తగిలితే పుండ్లు పడేది దాని వల్లనే. దాన్ని క్షారం అంటారు. నూనెకు క్షారం కలిస్తే ఏమవుతుంది? సబ్బు అవుతుంది. బట్టల సబ్బు చేసేది అట్లానే. కొత్త సిమెంటు గోడకు తొందరపడి నూనె రంగు వేస్తే గోడ మీదనే సబ్బు తయారవుతుంది. రంగు మెత్తబడి జిగటగా ఊడుతుంది. అందుకని కొత్త గోడను కనీసం ఒక నెల ఆరనివ్వాలి. నూనె రంగు వేయాలంటే ఒక ఎండాకాలం గడవనిస్తే ఇంకా మంచిది. ముందు క్షారానికి తట్టుకునే సిమెంటు ప్రైమర్ వేయాలి. అది నీళ్ళ రకం.

కాలువ నీళ్ళు పారే ఊళ్ళలో కొన్ని గోడలకు పునాది నుంచి చెమ్మ ఎక్కుతుంది. తెల్లగా చౌడు పూస్తుంది. అట్లాంటి గోడకు నూనె రంగు వేస్తే చెమ్మ దాగదు. లోపలే ఉండి బొబ్బలు లేపుతుంది. చెమ్మ ఉన్నదా లేదా అని చూడటానికి జానెడు ప్లాస్టిక్ కాగితం గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో అతికించాలి. ఒక రోజు ఆగి తీయాలి. గోడ వైపు నీటి చుక్కలు ఉంటే చెమ్మ ఉన్నట్టు. ముందు చెమ్మ వచ్చే దారి మూయాలి. అది కుదరని చోట సున్నమే మేలు. సున్నం గుండా గోడ చెమ్మ బయటికి పోతుంది. ఆ అర్రలో కిటికీ కింద మూలన బొబ్బలు ఉన్నది ఇందుకే.

ఇనుము సంగతి కొంచెమే. కిటికీ చువ్వలకు, గేటుకు నీళ్ళ ప్రైమర్ వేయొద్దు. వేసిన గంటకే తుప్పు చుక్కలు పుడతాయి. తుప్పు రుద్ది రెడ్ ఆక్సైడ్ వేయాలి. జస్తా పూసిన తెల్ల రేకులకు మాత్రం ఎనామిల్ నేరుగా వేయొద్దు. జస్తాతో నూనె కలిసి అక్కడా సబ్బు లాంటిదే పుడుతుంది. రేకులకని వేరే ప్రైమర్ ఉంటుంది. అడిగి తీసుకోవాలి.

పిల్లవాడు నోట్లో పెట్టుకున్నది

ఇంతసేపూ అక్క పిల్లవాణ్ణి చూస్తూనే ఉన్నది. వాడి పిడికిలి విప్పింది. గులాబీ పెచ్చులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆకుపచ్చ పెచ్చు. కిటికీ కింద మూల నుంచి ఊడింది.

అక్క నవ్వు పోయింది. "అత్తా, ఈ పచ్చరంగు ఎన్నేండ్ల కిందిది?" అని అడిగింది.

"ఇరవై ఏండ్లు దాటింది."

పాత నూనె రంగుల్లో సీసం కలిపేవారు. రంగు మెరవటానికి, తొందరగా ఆరటానికి. సీసం విషం. పెద్దలకంటే చిన్నపిల్లలకు ఎక్కువ చెరుపు చేస్తుంది. మెదడు ఎదగనివ్వదు. చదువు ఎక్కదు. రక్తం తగ్గిపోతుంది. కడుపునొప్పి వస్తుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ నుంచి కడుపులోని బిడ్డకు కూడా పోతుంది. ఒక్కనాడే పడగొట్టదు. కొంచెం కొంచెం చేరుతుంది. అందుకే తల్లులకు తెలియదు.

2016లో కేంద్ర ప్రభుత్వం దీనికి ఒక నియమం చేసింది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు దాటకూడదు. 2017 నవంబరు నుంచి అంతకంటే ఎక్కువ సీసం ఉన్న రంగు తయారు చేయకూడదు. ఆ మాట డబ్బా మీద రాయాలి. కొనేటప్పుడు 90 అంకె వెతకాలి. కాని గోడల మీద ఉన్న పాత రంగుకు నియమం ఏం చేయగలదు? అది అక్కడే ఉన్నది. ఏ రంగులో సీసం ఉన్నదో కంటికి తెలియదు. అందుకే పాత నూనె రంగు అంటేనే సీసం ఉన్నదని అనుకొని పని చేయాలి.

"నేను గరుకు కాగితం కూలికి పోయిన రోజుల్ల రోజంత దుమ్ము మింగిన. ఎవ్వరు చెప్పలె" అన్నది అక్క.

పొడిగా రుద్దొద్దు. నీళ్ళు చల్లి తడిపి రుద్దాలి. తడి మీద రుద్దే గరుకు కాగితం వేరే దొరుకుతుంది. దుమ్ము లేవదు. మూతికి గుడ్డ కట్టుకున్నా సన్న దుమ్ము ఆగదు. తడపడమే అసలు రక్ష. పని జరిగే అర్రలోకి పిల్లలను, గర్భిణిని రానివ్వొద్దు. బియ్యం, నీళ్ళ బిందె, పక్కబట్టలు ముందే తీసేయాలి. ఊడిన పెచ్చులను చీపురుతో ఊడ్వొద్దు. తడి గుడ్డతో తీసి సంచిలో మూటగట్టాలి. పాత రంగు తలుపులు, కిటికీ చెక్కలు పొయ్యిలో పెట్టొద్దు. ఆ పొగలో కూడా సీసం ఉంటుంది. పొలాల అమావాస్యకు ఎద్దుల కొమ్ములకు అటక మీది పాత డబ్బా రంగు రాయడం కూడా మానుకోవాలి. ఎద్దులు ఒకదాన్ని ఒకటి నాకుతాయి.

గట్టిగా ఉన్న పాత రంగును ఊరికే గీకి తీయాల్సిన పని లేదు. దాని మీద మంచి రంగు వేసి కప్పితే చాలు.

తెల్లారి కోడలు పిల్లవాణ్ణి నిజామాబాద్ దవాఖానకు తీసుకపోయింది. రంగు పెచ్చులు తిన్నాడని డాక్టరుకు చెప్పింది. ఈ మాట చెప్పకుంటే డాక్టరుకు కూడా తట్టదు. రక్తం పరీక్షకు రాసిచ్చాడు. కాగితం వచ్చేదాకా అత్తకు నిద్ర లేదు. కొంచెం ఉన్నదని, భయపడే అంత లేదని తేలింది. పెచ్చులు తిననీయొద్దని, చేతులు కడిగించాలని, మూడు నెలలకు మళ్ళీ చూపించాలని డాక్టరు చెప్పాడు.

టర్పెంటైన్ జాగ్రత్త

నూనె రంగు పని అంటే టర్పెంటైన్ సీసా ఇంట్లోకి వస్తుంది. చాలామంది దాన్ని తాగే నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడతారు. చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది. పిల్లలు తాగుతారు. అట్లా జరిగితే కక్కించొద్దు. కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఎక్కువ చెరుపు చేస్తుంది. సీసా చేతపట్టుకొని వెంటనే దవాఖానకు పోవాలి. టర్పెంటైన్‌కు బదులు కిరోసిన్ కలిపితే రంగు జిడ్డు జిడ్డుగా ఉండి రోజుల తరబడి ఆరదు. రెండూ మంట అంటుకునేవే. పొయ్యి మండుతుంటే, ఎవరైనా బీడీ తాగుతుంటే ఆ అర్రలో నూనె రంగు పని వద్దు. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలి. రంగు తుడిచిన గుడ్డలను ముద్దగా మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి మండొచ్చు. బయట పరిచి ఆరనివ్వాలి.

కుంచె కడగడం కూడా రకాన్ని బట్టే. నీళ్ళ రంగు కుంచె నీళ్ళతో. నూనె రంగు కుంచె ముందు టర్పెంటైన్‌తో, తర్వాత సబ్బుతో. తడి కుంచెను నూనె రంగు డబ్బాలో ముంచొద్దు. కడిగిన టర్పెంటైన్‌ను కాలువలో పోయొద్దు. మూతపెట్టి ఉంచితే రంగు అడుగున పేరుకుంటుంది. పైది మళ్ళీ వాడుకోవచ్చు.

మళ్ళీ వేసిన గోడ

ఉగాదికి ముందు ఆ అర్రకు మళ్ళీ పని మొదలైంది. కింది గులాబీ రంగు గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి గీకితే సులువుగానే వచ్చింది. పట్టు లేనిదానికి ఊడటం ఎంతసేపు? ఆకుపచ్చ రంగు కడిగారు. తడిపి రుద్దారు. దాని మీద నూనె ప్రైమర్ ఒక పూత, నూనె రంగు రెండు పూతలు అనుకున్నారు. నూనె మీద నూనె. కిటికీ కింది మూలలో మాత్రం ఊడిన రంగు తీసేసి సున్నం వేశారు. పైగోడకు గీకి సున్నమే వేశారు. కోడలికి గులాబీ రంగు మీద మనసు పోలేదు. కింది భాగానికి గులాబీ ఎనామిలే తెచ్చుకుంది.

ఈసారి దుకాణానికి పోయే ముందు కోడలు పలక మీద లెక్క వేసింది. అర్ర పొడుగు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 12, 10, 12, 10 కలిపితే 44 అడుగులు. రంగు వేసే ఎత్తు 4 అడుగులు. 44ను 4తో హెచ్చిస్తే 176 చదరపు అడుగులు. దర్వాజ వెడల్పు 3 అడుగులు. అక్కడ గోడ లేదు. 3ను 4తో హెచ్చిస్తే 12. తీసేస్తే 164 చదరపు అడుగులు.

డబ్బా మీద లీటరుకు ఒక పూత 100 చదరపు అడుగులు అని ఉన్నదనుకుందాం. ప్రైమర్ ఒక పూత. ఒక లీటరు చాలదు. రెండు లీటర్లు కావాలి. రంగు రెండు పూతలు. 164కు 164 కలిపితే 328. మూడు లీటర్లు చాలవు. 4 లీటర్ల డబ్బా తీసుకుంటే కొంచెం మిగులుతుంది.

"మిగిలింది కడపకు ఏద్దాం" అన్నది అత్త.

"కడపకు పసుపుపచ్చ గావాలె గాని గులాబీ ఏందత్తమ్మా" అన్నది కోడలు.

లెక్క చేయండి

మీ ఇంటి తలుపు ఎత్తు, వెడల్పు కొలవండి. రెండు వైపులా ఎన్ని చదరపు అడుగులు? ప్రైమర్ ఒక పూతకు, రంగు రెండు పూతలకు ఎంత కావాలి?

ఇంట్లో ఉన్న పాత రంగు డబ్బా తీయండి. దాన్ని దేనితో పలచన చేయాలని రాసి ఉన్నది? ఎన్ని గంటలు ఆరాలి? ఏ సంవత్సరం తయారైంది?